రాలిన ఆకు ఎవరి పాలు?

*ఎవరూ ఎరువు వేయని అడవి ఏటా ఎలా చిగురిస్తుంది? ఆకులోని సారం మట్టిలోకి, అక్కణ్ణుంచి వేళ్ళలోకి చేరే దారి ఇది.*

మార్చి, ఏప్రిల్ నెలల్లో శ్రీశైలం వెళ్ళేవాళ్ళకు ఘాట్ రోడ్డు పొడవునా మోడువారిన నల్లమల కనిపిస్తుంది. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను ఆకు దులిపేసి నిలబడి ఉంటాయి. కొమ్మల మీద ఉండాల్సినదంతా నేల మీద చీలమండల లోతున పరుచుకుని ఉంటుంది. అదే దారిలో ఆగస్టులో వెళ్తే పక్కనున్న లోయ కూడా కనిపించనంత పచ్చదనం.

ఏటా ఇదే వరస. ఎవరూ ఎరువు వేయరు. పొలానికి ఒక్క పంటకాలం ఎరువు ఆపితే దిగుబడి తగ్గిపోతుందని రైతుకు తెలుసు. మరి అడవికి ఏ లోటూ రాదేం? పైగా నల్లమల నేల సారవంతమైనదేమీ కాదు. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నవి క్వార్ట్జైట్, పలకరాళ్ళు. క్వార్ట్జైట్ అంటే దాదాపుగా సిలికాయే. అది వేల ఏళ్ళు అరిగి మట్టి అయినా మొక్కకు పెట్టేది తక్కువ.

ఆకు కుళ్ళి ఎరువవుతుందని చిన్న క్లాసులోనే చదువుకున్నాం. మాట నిజమే, కానీ మధ్యలో జరిగేది చాలా ఉంది. కుళ్ళడం మొదలైన ఎండుటాకు మట్టికి నత్రజని ఇవ్వడానికి బదులు తొలి వారాల్లో, కొన్నిసార్లు నెలల తరబడి, మట్టిలో ఉన్న నత్రజనినే లాక్కుంటుంది. తీసుకునేది ఎందుకు తీసుకుంటుంది, తిరిగి ఎప్పుడు ఇస్తుంది, ఎవరి చేతుల మీదుగా ఇస్తుంది అన్నవి తెలిస్తే అడవి నేలను చూసే చూపే మారిపోతుంది.

ఎంత ఆకు, ఎంత సారం?

ఉష్ణమండలంలోని ఆకురాల్చే అడవుల్లో ఏటా హెక్టారుకు సుమారు 3 నుంచి 10 టన్నుల ఆకూ అలమూ రాలుతుంది. ఎకరం లెక్కన చూస్తే దాదాపు 1.2 నుంచి 4 టన్నులు. ఎకరానికి 2 టన్నులు రాలిందనీ, అందులో నత్రజని 1 శాతం ఉందనీ అనుకుందాం. అది 20 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని కూడా ఇంచుమించు అంతే. అంటే ప్రతి వేసవిలో ఎకరం అడవి మీద ఒక యూరియా బస్తా పడుతున్నట్టే. దాంతోపాటు భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం కూడా.

నిజానికి ఆకులో ఉన్నది ఇంతకంటే ఎక్కువ. చెట్టు దాన్ని ఊరికే వదలదు. రాల్చేముందు ఆకులోని పత్రహరితాన్నీ ప్రోటీన్లనూ విడగొట్టి, నత్రజనిలోనూ భాస్వరంలోనూ దాదాపు సగం కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. పండుటాకు పసుపురంగుకు తిరగడం ఈ పని జరుగుతోందనడానికి గుర్తు. వానలు ఇంకా పడకముందే చాలా చెట్లు చిగురు వేయగలగడానికి ఈ నిల్వే కారణం. కాల్షియం మాత్రం కణాల గోడల్లో బిగుసుకుపోయి ఉంటుంది కనుక వెనక్కి రాదు, ఆకుతోపాటే నేల మీద పడుతుంది. కాబట్టి నేలకు దక్కేది చెట్టు వాడుకోగా మిగిలిన ఆకు: కార్బన్ దండిగా, నత్రజని పొదుపుగా ఉన్న సరుకు. ఈ తేడాయే తరువాతి కథనంతా నడిపిస్తుంది.

తొలకరి దించేది

వేసవిలో ఆకు పెద్దగా కుళ్ళదు. ఎండ ఉంటుంది, వేడి ఉంటుంది, తడి మాత్రం ఉండదు. బూజుకైనా బ్యాక్టీరియాకైనా నీరు లేనిదే పని జరగదు. రోహిణి కార్తె దాకా ఎండిన ఆకు నేల మీద పడి ఉండాల్సిందే.

మృగశిరలో మొదటి వాన పడగానే మొదట కదిలేది పొటాషియం. మిగతా పోషకాల్లా ఇది ఏ ప్రోటీన్‌లోనూ ఏ కణం గోడలోనూ భాగం కాదు. కణాల్లోని ద్రవంలో కరిగి ఉంటుంది. ఆకు చచ్చాక కణం పొర చిరిగిపోతే దాన్ని ఆపేదేమీ లేదు. అందుకే ఒకటి రెండు మంచి వానలకే ఆకులోని పొటాషియంలో చాలా భాగం నీళ్ళతో మట్టిలోకి దిగిపోతుంది. దానితోపాటు చక్కెరలు, వగరు పదార్థాలు కూడా దిగుతాయి. అడవి వాగులో తొలకరి నీళ్ళు టీ రంగులో పారేది వీటివల్లే.

ఈ తొలి దశకు ఏ జీవీ అక్కర్లేదు. ఇక మీదట జరిగే ప్రతి పనీ ప్రాణులదే.

కొరికేవాళ్ళు, నమిలేవాళ్ళు

టేకాకు విస్తరంత ఉంటుంది, గరుకుగా ఉంటుంది. ఆకు పైపొరకు మైనపు పూత ఉంటుంది. దాన్ని దాటి లోపలికి పోవడం సూక్ష్మజీవులకు కష్టం. ముందు ఎవరో ఒకరు దాన్ని చింపాలి. ఆ పని రోకలిబండలు, చెదలు, వానపాములు, కంటికి ఆననంత చిన్న పురుగులు చేస్తాయి. తిన్నదాంట్లో వీటి ఒంటికి పట్టేది కొంతే. ఎక్కువ భాగం మెత్తటి పొడిగా, తడితడి గుళికలుగా బయటపడుతుంది. ఒక ఆకు వెయ్యి ముక్కలైతే సూక్ష్మజీవులు అంటుకోవడానికి దొరికే చోటు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఆగస్టులో అడవిలో ఒకచోట కూర్చుని ఆకుల పొరను చేత్తో మెల్లగా విప్పి చూస్తే ఈ పని అంచెలంచెలుగా కనిపిస్తుంది. పైన ఈ ఏటి ఆకులు, ఇంకా ఆకారం చెడలేదు. వాటి కింద ఈనెలు మాత్రమే మిగిలిన ఆకులు, మధ్యలో కండంతా ఎవరో తినేశారు. ఆ కింది ఆకులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, విడదీస్తే మధ్యలో తెల్లటి దారాలు సాగుతాయి. అవి బూజు పోగులు. ఇంకా కిందికి పోతే ఏది ఆకో ఏది మట్టో చెప్పలేని నల్లటి పొడి. ఆ పొడిలోకి కింది నుంచి వెంట్రుకల్లాంటి సన్నవేళ్ళు పైకి ఎగబాకి వచ్చి ఉంటాయి. ఆహారం దొరికే చోటికి చెట్టు తన నోటిని తీసుకొచ్చి పెట్టింది.

మన అడవుల్లో చెదల పని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పుట్టలు కట్టే చెదల్లో చాలావాటికి ఆకులోని గట్టి పదార్థాలను సొంతంగా అరిగించుకునే శక్తి తక్కువ. అవి ఎండుటాకునూ పుల్లనూ నమిలి పుట్టలోకి తెచ్చి, గుళికలుగా పేర్చి, గదుల నిండా గుల్లగుల్లగా ఉండే దిమ్మెలు కడతాయి. వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది ఆకులోని లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విరగ్గొట్టి పెడితే, పాతబడిన దిమ్మెను చెదలు తింటాయి. వానాకాలంలో పుట్ట మీద మొలిచి, జనం ఇష్టంగా ఏరుకుని వండుకునే పుట్టగొడుగులు ఈ శిలీంధ్రానివే. పుట్ట పాతబడి వానలకు కరిగినప్పుడు లోపల పోగైన సారమంతా చుట్టూ నేలలో కలుస్తుంది.

> ఆకు ఎంత వేగంగా మాయమవుతుంది?
>
> దీన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు వాడేది ఒక చిన్న వల సంచి. నైలాన్ వలతో కుట్టిన సంచుల్లో ఎండుటాకును తూచి నింపి, అడవి నేల మీద పెడతారు. నెలకు కొన్ని సంచుల చొప్పున వెనక్కి తెచ్చి, ఆరబెట్టి, మళ్ళీ తూస్తారు. తగ్గిన బరువే కుళ్ళిన లెక్క. మిగిలిన ఆకులో ఏ పోషకం ఎంత ఉందో ప్రయోగశాలలో చూస్తారు.
>
> వల కన్ను సైజు మార్చితే ఇంకో సంగతి తెలుస్తుంది. సన్న కన్ను వలలోకి సూక్ష్మజీవులు మాత్రమే వెళ్ళగలవు. పెద్ద కన్ను వలలోకి రోకలిబండలు, వానపాములు కూడా దూరతాయి. రెండింటి తేడాను బట్టి నమిలే ప్రాణుల వాటా ఎంతో లెక్క కడతారు. 1950ల నుంచి ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి ఇది. 2013లో కొందరు పరిశోధకులు దీన్ని మరింత సులువు చేశారు. గ్రీన్ టీ, రూయిబోస్ టీ సంచులను మట్టిలో పూడ్చి, 90 రోజుల తరవాత తీసి తూచమన్నారు. స్కూలు పిల్లలు కూడా చేయగలిగిన ప్రయోగం ఇది.

కుండెడు అన్నం, గరిటెడు పప్పు

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఆకును అరిగించే బూజూ బ్యాక్టీరియా పొట్టలో పెట్టుకుని తినవు. ఎంజైములను బయటికి వదిలి, ఆకును బయటే కరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటాయి. వాటికి కావలసినవి ముఖ్యంగా రెండు. శక్తికి కార్బన్, ఒళ్ళు కట్టుకోవడానికి నత్రజని. కార్బన్‌ను అన్నం అనుకోండి, నత్రజనిని పప్పు అనుకోండి. రెండూ తగు పాళ్ళలో ఉంటేనే భోజనం సాగుతుంది.

బ్యాక్టీరియా ఒంట్లో 8 పాళ్ళ కార్బన్‌కు 1 పాలు నత్రజని ఉంటుంది. అది తిన్న కార్బన్‌లో దాదాపు మూడింట రెండు వంతులు ఊపిరిగా, అంటే కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి పోతుంది. మూడో వంతే ఒంటికి పడుతుంది. కాబట్టి 24 పాళ్ళ కార్బన్‌కు 1 పాలు నత్రజని ఉన్న ఆహారం దానికి సరిగ్గా సరిపోతుంది.

ఎండుటాకులో ఆ లెక్క 48కి 1 అనుకుందాం. 48 పాళ్ళు తింటే 16 ఒంటికి పడతాయి. 16కు 2 పాళ్ళ నత్రజని కావాలి. ఆకులో ఉన్నది 1. కుండెడు అన్నం ముందుంది, పప్పు సగమే ఉంది. మిగతా సగం ఎక్కణ్ణుంచి తేవాలి? చుట్టూ ఉన్న మట్టి నుంచే. వాన నీటిలో కరిగి ఉన్న నత్రజనిని బ్యాక్టీరియా పీల్చేస్తుంది. బూజయితే కింది మట్టిలోని నత్రజనిని తన పోగుల గుండా పైనున్న ఆకులోకి చేరవేసుకుంటుంది. అందుకే వల సంచిలోని ఆకు బరువు తగ్గుతున్నా, అందులోని మొత్తం నత్రజని మొదట్లో పెరగడం కనిపిస్తుంది.

రోజులు గడిచేకొద్దీ కార్బన్ ఊపిరై పోతూనే ఉంటుంది, నత్రజని మిగులుతుంది. 48 కాస్తా 40కి, 30కి దిగుతుంది. దాదాపు 25కు చేరాక లెక్క తిరగబడుతుంది. ఇక తినేవాళ్ళకు పప్పు మిగిలిపోతుంది. ఆ మిగులు అమ్మోనియం రూపంలో మట్టికి దక్కుతుంది.

అన్ని ఆకులూ ఒకే చోట మొదలుపెట్టవు. కాగితపు మిల్లుల కోసం మన రైతులు వేసే రెండు చెట్లనే చూడండి. సుబాబుల్ చిక్కుడు కుటుంబానికి చెందింది, ఆకులో నత్రజని ఎక్కువ, తొందరగా కలిసిపోతుంది. జామాయిల్ ఆకులో నత్రజని తక్కువ, నూనెలూ వగరు పదార్థాలూ ఎక్కువ. తంగేడు చెక్కతో తోలు ఊనడానికి పనికొచ్చే టానిన్లే ఈ వగరు పదార్థాలు. తోలులోని ప్రోటీన్లను పట్టి బిగించినట్టే ఆకులోని ప్రోటీన్లనూ బిగించి, సూక్ష్మజీవులకు అందకుండా చేస్తాయి. అందుకే జామాయిల్ తోటలో ఆకు పొర అంత తేలిగ్గా తరగదు.

తిన్నవాణ్ణి తింటేనే

నత్రజని చాలాకాలం సూక్ష్మజీవుల ఒంట్లోనే ఉండిపోతుంది. అక్కడినుంచి బయటపడాలంటే అవి చావాలి, లేదా వాటిని ఎవరో తినాలి. 1985లో స్వీడన్ శాస్త్రవేత్త మరియానె క్లార్‌హోల్మ్ ఈ రెండో దారిని స్పష్టంగా వివరించారు. మట్టి రేణువుల మధ్య నీటి పొరల్లో ఈదే ఏకకణ జీవులు, కంటికి కనిపించని సన్న నులిపురుగులు బ్యాక్టీరియాను మేస్తాయి. బ్యాక్టీరియా ఒంట్లో నత్రజని మోతాదు వాటికి కావలసినదానికంటే ఎక్కువ. అక్కర్లేనిదాన్ని అమ్మోనియంగా బయటికి వదిలేస్తాయి. వేరు పక్కనే జరిగితే అది తిన్నగా వేరుకే అందుతుంది.

ఈ వేట అంచెలంచెలుగా పైకి సాగుతుంది. తొలకరికి ఉసిళ్ళు లేచిన రోజుల్లోనే నేల మీదికి వచ్చే ఎర్రటి ఆరుద్ర పురుగులు చెదలను పట్టి తింటాయి. ప్రతి అంచెలోనూ కొంత సారం ఒంటి నుంచి జారి మట్టిలో పడుతుంది. అడవి నేలలో వేటాడే పురుగులు లేకపోతే పోషకాలు కిందివాళ్ళ ఒంట్లోనే ఇరుక్కుపోతాయి.

మొదటి దారి చావు. దానికి మన వాతావరణంలో ఒక ముహూర్తం ఉంది. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన మృత్తికా శాస్త్రవేత్త హెచ్.ఎఫ్. బర్చ్, బాగా ఎండిన మట్టి మళ్ళీ తడిసినప్పుడు ఒక్కసారిగా నత్రజని విడుదలవుతుందని 1958లో ప్రచురించారు. వేసవి ఎండకు మట్టిలోని సూక్ష్మజీవుల్లో చాలా చచ్చిపోతాయి. బతికున్నవి తమ ఒంట్లో లవణాలనూ పిండి పదార్థాలనూ చిక్కబరచుకుని ఎండను కాచుకుంటాయి. ఉన్నట్టుండి వాన నీరు తగిలితే ఆ నీరంతా కణాల్లోకి దూరి కొన్ని పగిలిపోతాయి, మరికొన్ని లోపలున్నదాన్ని హడావిడిగా బయటికి కక్కేస్తాయి. మిగిలినవి ఈ విందుమీద పడి కొద్ది రోజుల్లోనే విపరీతంగా పెరుగుతాయి. నాలుగైదు నెలలు ఎండి, జూన్‌లో తడిసే నల్లమల లాంటి అడవికి ఈ తొలి తడి ఎంతో విలువైనది. నిరుటి ఆకు నుంచి సూక్ష్మజీవులు పట్టిపెట్టుకున్నది ఈ ఏటి చిగురుకు అందేది అప్పుడే.

మట్టి పట్టుకునేది, జారవిడిచేది

బయటపడిన పోషకం వేరు అందుకునేదాకా మట్టిలో నిలవాలి. బంకమట్టి రేణువులకూ, కుళ్ళిన సేంద్రియ పదార్థానికీ పైన రుణావేశం ఉంటుంది. ధనావేశం ఉన్న అమ్మోనియం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం వాటిని అంటుకుని నిలుస్తాయి. వేరు హైడ్రోజన్ అయాన్లు ఇచ్చి, బదులుగా ఈ పోషకాలను తీసుకుంటుంది.

అమ్మోనియంను కొన్ని బ్యాక్టీరియాలు రెండు అంచెల్లో నైట్రేట్‌గా మారుస్తాయి. రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతంలో బయటపెట్టిన సంగతి ఇది. నైట్రేట్‌కు ఉన్నది రుణావేశం. మట్టి దాన్ని పట్టుకోలేదు. వేళ్ళు వెంటనే తాగకపోతే వాన నీటితో కిందికి జారిపోతుంది. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే సూక్ష్మజీవులు మొదట్లో నత్రజనిని లాగేసుకోవడం నేలకు నష్టం కాదని తెలుస్తుంది. తొలి జడివానలకు కొట్టుకుపోవలసినదాన్ని అవి తమ ఒంట్లో దాచి, కొంచెం కొంచెంగా విడుదల చేస్తున్నాయి. మట్టిలో ఏళ్ళ తరబడి నిలిచే సేంద్రియ పదార్థంలో కూడా గణనీయమైన భాగం ఇలా చచ్చిన సూక్ష్మజీవుల శేషమేనని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి.

భాస్వరం ఇబ్బంది వేరు. ఎర్రనేలల్లోని ఇనుము, అల్యూమినియం దాన్ని మరీ గట్టిగా పట్టేస్తాయి. వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరం అయిపోతే, అవతలిది తనంతట తాను దగ్గరికి రాదు. అక్కడ చెట్టుకు బూజుతో పొత్తు పనికొస్తుంది. 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టింది ఈ పొత్తుకే. టేకుతో సహా మన అడవి చెట్లలో చాలావాటి వేళ్ళలో ఈ శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. మిల్లీమీటరులో వందో వంతుకు మించని వాటి పోగులు, వేరు దూరలేని సందుల్లోకి దూరి, సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరం మోసుకొస్తాయి. చెట్టు వాటికి చక్కెర ఇస్తుంది. కుళ్ళుతున్న ఆకు పక్కనే ఈ పోగులు ఉంటే, విడుదలైన భాస్వరాన్ని ఇనుము పట్టకముందే అందుకుంటాయి.

> ఏ పోషకం ఏ దారిన
>
> పొటాషియం: కరిగిన రూపంలోనే ఉంటుంది. మొదటి వానలకే దిగిపోతుంది.
>
> నత్రజని: ప్రోటీన్లలో ఉంటుంది. ముందు సూక్ష్మజీవుల ఒంట్లోకి, అవి చచ్చాకో వాటిని ఎవరైనా తిన్నాకో మట్టిలోకి.
>
> భాస్వరం: సేంద్రియ పదార్థాల నుంచి ఎంజైములు విడగొట్టాలి. బూజు పోగుల ద్వారా వేరుకు.
>
> కాల్షియం: కణాల గోడల్లో ఉంటుంది. ఆకు నలిగి, గోడలు అరిగేకొద్దీ నిదానంగా.

నిప్పు పడితే

ఈ ఏర్పాటునంతా ఒక్క పూటలో చెరిపేసేది కార్చిచ్చు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన అడవుల్లో నేలమంటలు సాధారణం. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టడం, తునికాకు లేత చిగురు కోసం నిప్పు పెట్టడం, ఆర్పకుండా పారేసిన బీడీ, అన్నీ కారణాలే. మంట పెద్ద చెట్లను తాకకుండా పోతే నష్టం లేదని చాలామంది అనుకుంటారు. బూడిద ఎరువే కదా అంటారు.

బూడిదలో కాల్షియం, పొటాషియం, భాస్వరంలో ఎక్కువ భాగం మిగిలే మాట నిజం. నత్రజని మాత్రం సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటాక వాయువుగా మారడం మొదలవుతుంది. ఆకు కాలితే అందులోని నత్రజనిలో అత్యధిక భాగం పొగతోనే పోతుంది. ఎకరానికి యూరియా బస్తాకు సమానమన్న ఆ నత్రజనే ఇది. మిగిలిన బూడిదకు కూడా కాపలా లేదు. ఆకు పరుపు పోయిన బోడి వాలు మీద తొలకరి వాన పడితే, బూడిదా పైమట్టీ కలిసి వాగులో పడతాయి. ఎండుటాకును నమిలేవాళ్ళు, వాళ్ళను వేటాడేవాళ్ళు, వాళ్ళ గుడ్లు, అన్నీ మంటలో పోతాయి. వచ్చే ఏడు రాలే ఆకును అందుకోవడానికి మనుషులు తక్కువైన ఊరిలా నేల మిగులుతుంది. అటవీ సిబ్బంది వేసవిలో ఫైర్ లైన్లు శుభ్రం చేసి, రాత్రింబవళ్ళు మంటల కోసం కాపు కాయడం చెట్ల కోసమే కాదు, నేల కోసం కూడా.

పొలంలోనూ ఇదే లెక్క

వరిగడ్డిని దున్ని వెంటనే నాటు వేస్తే పైరు కొన్నాళ్ళు పసుపుబారి నిలబడిపోవడం రైతులు చూస్తూనే ఉంటారు. గడ్డిలో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. సూక్ష్మజీవులు పైరుకు అందాల్సిన నత్రజనిని ముందు తాము లాగేసుకుంటాయి. నాటుకు రెండు మూడు వారాల ముందే గడ్డిని తడి నేలలో కలియదున్నితే ఆ లాగుడు ముందే ముగిసి, తరవాతి మిగులు పైరుకు దక్కుతుంది. అదే మన పెద్దలు మళ్ళలో తొక్కించిన కానుగ రొట్టలో నత్రజని సుమారు 3 శాతం. అందులో పప్పుకు కొదవ లేదు. అందుకే అది కలిపిన కొద్ది రోజులకే పైరుకు అందడం మొదలవుతుంది.

పెరట్లో ఎండుటాకు కుప్ప వేసేవాళ్ళకూ ఇదే సూత్రం. ఒట్టి ఎండుటాకు నెలల తరబడి అలాగే ఉంటుంది. దానికి పేడో, పచ్చిరొట్టో, కూరగాయల తొక్కలో కలిపి తడి ఆరకుండా చూస్తే త్వరగా ఎరువవుతుంది. అడవిలో ఈ కలపడం దానంతటదే జరుగుతుంది. మెత్తటి ఆకు, గట్టి ఆకు, చిక్కుడు జాతి ఆకు, వెదురాకు ఒకే నేల మీద పడతాయి. మెత్తనివి ముందు కుళ్ళి తొలకరికి అందుతాయి, గట్టివి వానాకాలం చివరిదాకా నిదానంగా ఇస్తూ పోతాయి. ఒకే జాతి చెట్లతో నింపిన తోటకు ఈ సౌకర్యం ఉండదు. అడవులు పెంచేటప్పుడు పది రకాల చెట్లు కలిపి వేయాలనడానికి ఇది బలమైన కారణం.

రాలిన ఆకు చెత్త కాదు. వీధుల్లో, పార్కుల్లో, అడవి అంచున మనం దాన్ని ఊడ్చి తగలబెట్టిన ప్రతిసారీ, ఎన్నో నోళ్ళ గుండా నడిచి మట్టికి చేరాల్సిన సారాన్ని దారిలోనే పొగ చేస్తున్నాం. నేలను బాగుచేయడానికి కొత్తగా ఏమీ కనిపెట్టనవసరం లేదు. మాఘం నుంచి మృగశిర దాకా, ఆ నాలుగైదు నెలలూ ఆకును పడినచోట పడి ఉండనిస్తే చాలు. ఆ తరవాతి పని ఎలా చేయాలో నేలకు తెలుసు.